పూర్తికాని యంత్రమునకు స్వర్ణపతకము

కృషి ఫలించి, కర్త పేరు నలుదిక్కుల మ్రోగిన పిమ్మటనే సత్కారము లొసంగుట విద్వత్పరిషత్తులకు పరిపాటియై యున్నది. అప్పటికి ఆ కర్తకు సత్కారముతో పని యుండదు. పరిషత్తునకే ఆతని పేరుతో పని యుండును. ఈ పరిపాటికి భిన్నముగా, నాలుగేండ్ల ప్రాయము మాత్రమే గల లండను ఖగోళశాస్త్ర పరిషత్తు 1824లో తన తొలి స్వర్ణపతకమును, గణనయంత్రము నొకదానిని ఊహించిన ఆంగ్ల గణితజ్ఞుడు చార్లెస్ బాబేజికి సమర్పించిన ఉదంతము స్మరింపదగినది.

ఆనాటి నావికులకును జ్యోతిశ్శాస్త్రజ్ఞులకును ముద్రిత గణితపట్టికలే ఆధారము. చేతితో లెక్కించి, ఎత్తి వ్రాసి, అచ్చునకు కూర్చు ప్రతిదశయందును వానిలో తప్పులు దొరలుచుండెను. ఈ పనినంతయు యంత్రముచేతనే చేయింపవలెనని బాబేజి సంకల్పించెను. డిఫరెన్స్ ఇంజిన్ అను ఆ యంత్రమునకు భేదముల లెక్కయే మూలము. 1, 4, 9, 16, 25 అను వర్గసంఖ్యల నడుమ భేదములు 3, 5, 7, 9. ఆ భేదముల నడుమ భేదము ఎల్లప్పుడును 2. కావున 9కి 2 కూడిన 11. 25కు 11 కూడిన 36. గుణకారముతో నిమిత్తము లేక తరువాతి వర్గము లభించినది. కూడిక యన్ననో, పండ్లచక్రములకు సాధ్యమైన పని. అయినను, 1822 నాటికి ఆతడు సిద్ధపరచినది చిన్న నమూనా మాత్రమే.

పతక ప్రదానము గావించిన అధ్యక్షుడు హెన్రీ థామస్ కోల్‌బ్రూక్. బ్రహ్మగుప్త భాస్కరుల గణితమును, లీలావతీ బీజగణితములతోడ, సంస్కృతమునుండి ఆంగ్లీకరించి 1817లో ప్రకటించిన పండితు డాతడే. వ్రాతప్రతులతోడను వ్యాఖ్యానములతోడను చిరకాలము పెనగులాడిన ఆ విద్వాంసునకు, ఎత్తివ్రాతలో ఒక్క అంకె జారిన నెంతటి అనర్థము వాటిల్లునో వేరొకరు బోధింప నక్కరలేదు. అచ్చమైన పాఠమునకై తపించినవాడు అచ్చమైన పట్టికకై తపించువానిని గుర్తించుటలో వింత యేమున్నది?

బాబేజి యంత్రనిర్మాణమునకై బ్రిటిషు ప్రభుత్వము సుమారు 17,000 పౌనులు వ్యయపరచి, 1842లో చేయి విడిచెను. యంత్రము పూర్తికాకయే 1871లో బాబేజి గతించెను. పరిషత్తు తొందరపడినదని అప్పుడెవరైన ననియుండిన ప్రత్యుత్తర మిచ్చుట కష్టమయ్యెడిది. కాని ఆతడు తరువాత మెరుగుపరచి గీచిన రెండవ డిఫరెన్స్ ఇంజిన్ పటముల ననుసరించి లండను సైన్స్ మ్యూజియమువారు 1991లో నిర్మించిన యంత్రము తప్పులేక లెక్కించినది. దోషము ఊహయందు లేదని తేలినది.

మన అకాడమీలును పరిషత్తులును ఈ నిదర్శనమును గమనింపవలెను. తొలి సంపుటముతోనే నిలిచిపోయిన నిఘంటువునకు, సగము పరిష్కృతమైన ప్రాచీన కావ్యమునకు, కర్త చేయి ఇంకను ఆడుచుండగనే గౌరవము చేకూర్చవలెను. ఊహలోని సత్తువను ఫలమునకు ముందే తూచి చూడ నేర్వని పరిషత్తునకు విద్వత్పరిషత్తన్న పేరు అలంకారమాత్రమే యగును.