ఒక్క నర్సుకు ఎందరు రోగులు?

నర్సుల సంఘం ధర్నాకు దిగిందంటే వార్తల్లో ముందుగా కనిపించేది జీతం మాటే. రెగ్యులరైజేషన్, బకాయిలు, పీఆర్సీ. ఖాళీలు నింపాలని, రోగుల సంఖ్యకు తగ్గట్టు నర్సులను ఇవ్వాలని అదే వినతిపత్రంలో ఉండే మరో డిమాండ్ మాత్రం వార్త చివరి వాక్యంలోకి జారిపోతుంది. నిజానికి ఆ డిమాండ్ వాళ్ల కోసం ఎంతో, మంచం మీదున్న మనకోసమూ అంతే. దాన్ని సిబ్బంది గొడవగా పక్కన పెట్టడం రోగులకు చేస్తున్న అన్యాయం.

మన పెద్దాసుపత్రుల్లో ఈ కొరత పైకి కనిపించకపోవడానికి ఒక కారణం ఉంది. దాన్ని రోగి బంధువులు పూడుస్తున్నారు. సెలైన్ అయిపోవచ్చిందని సిస్టర్ కోసం పరుగెత్తేది కూతురు. లేపి బాత్‌రూంకు నడిపించేది తమ్ముడు. స్ట్రెచర్ తోసేదీ, రక్తం శాంపిల్ ల్యాబుకు పట్టుకెళ్లేదీ, యూరిన్ బ్యాగు నిండిందేమోనని చూసుకునేదీ ఇంటివాళ్లే. కూలి మానుకొని వరండాలో చాప పరుచుకున్న ఆ మనుషుల శ్రమ ఏ బడ్జెట్‌లోనూ లెక్కకు రాదు. ఉన్నవాళ్లతోనే నడుస్తోంది కదా అన్న ధీమా పైవాళ్లకు అక్కడి నుంచే వస్తుంది. కానీ ఇంటివాళ్ల వల్ల కాని పని ఒకటుంది. ఆపరేషన్ అయిన మనిషికి అర్ధరాత్రి నాడి వేగం పెరుగుతోందని, బీపీ మెల్లగా పడిపోతోందని, బాలింతకు రక్తస్రావం మామూలుగా లేదని పసిగట్టడం. అది చదువు, అనుభవం ఉన్న కన్ను చేయాల్సిన పని. ఆ కన్ను ప్రతి మంచం దగ్గరా కాసేపు ఆగాలి. ఇంజెక్షన్లు, కేస్ షీట్లు, కొత్త అడ్మిషన్లు, ఇండెంట్ల మధ్య ఆగే తీరిక లేకపోతే, తెల్లారి రౌండ్స్‌కు వచ్చే డాక్టరుకు వైద్యం చేసే అదను మించిపోయి ఉంటుంది.

దీనికి లెక్క కూడా ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల సమాచారంతో లిండా ఐకెన్ బృందం 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. నర్సు చూడాల్సిన రోగుల్లో ఒక్కరు పెరిగినకొద్దీ, శస్త్రచికిత్స చేయించుకున్నవారు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది. అలసిపోయి ఉద్యోగంపై విరక్తి చెందే నర్సుల సంఖ్య కూడా అలాగే పెరిగింది. అంటే సంఘాలు చెబుతున్న పని భారానికీ, వార్డులోని మరణాలకూ మూలం ఒక్కటే.

ఈ సంగతిని చట్టం దాకా తీసుకెళ్లింది కూడా కార్మిక సంఘమే. కాలిఫోర్నియా నర్సుల సంఘం ఏళ్ల తరబడి పోరాడి 1999లో ఒక చట్టం సాధించింది. అది 2004 నుంచి అమలులోకి వచ్చింది. ఐసీయూలో ఇద్దరు రోగులకు ఒక నర్సు, అత్యవసర విభాగంలో నలుగురికి ఒకరు, సాధారణ వార్డులో మొదట ఆరుగురికి, తర్వాత ఐదుగురికి ఒకరు. ఏ షిఫ్టులోనైనా, భోజనానికి వెళ్లిన వేళలోనైనా ఈ నిష్పత్తి తప్పకూడదు. ఐదుగురి నిబంధనను వాయిదా వేయాలని గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ప్రయత్నిస్తే సంఘం కోర్టుకెక్కి గెలిచింది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లోనూ ఇదే నిష్పత్తి ఉండి ఉంటే శస్త్రచికిత్స వార్డుల మరణాలు వరుసగా సుమారు 14, 11 శాతం తక్కువగా ఉండేవని 2010లో ఐకెన్ బృందమే అంచనా కట్టింది.

మన దగ్గర ప్రమాణాలు లేవా అంటే ఉన్నాయి. బోధనాసుపత్రుల్లో మూడు పడకలకు ఒకరు, సాధారణ ఆసుపత్రుల్లో ఐదింటికి ఒకరు, సెలవుల కోసం అదనంగా 30 శాతం ఉండాలని భారతీయ నర్సింగ్ మండలి ఎప్పుడో చెప్పింది. వినడానికి కాలిఫోర్నియా కన్నా ఉదారంగా ఉంది. కానీ ఇది మొత్తం నర్సుల లెక్క. మూడు షిఫ్టులకు పంచితే వార్డులో ఒక నర్సుకు మిగిలేది తొమ్మిది పడకలు, సాధారణ ఆసుపత్రిలో పదిహేను. అదీ పోస్టులన్నీ నిండి, ఎవరూ డిప్యుటేషన్ మీద పోకుండా ఉంటేనే. పైగా లెక్క మంజూరైన పడకలకే, నేల మీద పరుపు వేసుకున్న రోగికి అందులో చోటు లేదు. ఇంత చేసీ అది సిఫార్సు మాత్రమే. తప్పితే అడిగేవారు లేరు. వైద్య కళాశాలల అధ్యాపకుల హాజరును జాతీయ వైద్య కమిషన్ ముఖ గుర్తింపుతో నమోదు చేయిస్తోంది. అదే ఆసుపత్రిలో ఈ రాత్రి వార్డుకు ఎందరు నర్సులున్నారో అలా రోజువారీగా లెక్క అడిగే వ్యవస్థ లేదు.

అడగగలిగేది సంఘమే. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కొలువుల్లో ఉన్నవారు ఒంటరిగా నోరెత్తలేరు. కొవిడ్ కాలంలో తెలంగాణ ప్రభుత్వాసుపత్రుల్లోకి ఔట్‌సోర్సింగ్ మీద తీసుకున్న 1,600 మందికి పైగా నర్సులను 2021 జూలైలో ఒక్కసారిగా తీసేశారు. వారు రోడ్డెక్కాల్సి వచ్చింది. పీపీఈ కిట్లలో చెమటోడ్చిన మనుషులకు దక్కిన మర్యాద అది. అలాంటి కొలువులో ఉన్న నర్సు, ఇంతమందిని ఒక్కదాన్నే చూడలేనని రాతపూర్వకంగా ఎలా ఇస్తుంది? ఇవ్వకపోతే, ఏదైనా జరిగిన రోజు మెమో అందుకునేదీ, బంధువుల కోపానికి ఎదురు నిలబడేదీ ఆమే. కొరతకు కారణమైన ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో బయటికి రాదు.

నర్సులే దొరకడం లేదన్న వాదన నిలవదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి మరీ అక్కడి కొలువులకు పంపుతోంది. వెళ్లేవారిని తప్పుపట్టను. ఇక్కడ దొరకని జీతం, గౌరవం అక్కడ దొరుకుతున్నాయి. 2024 జనవరి చివర హైదరాబాద్‌లో ఒకేసారి దాదాపు 7 వేల మందికి స్టాఫ్ నర్సు నియామక పత్రాలు ఇచ్చారు. పోస్టు స్థిరంగా ఉంటే చేరేవాళ్లున్నారని దాంతో తేలిపోయింది.

డబ్బు చాలదన్న వాదన కొంత నిజం. ఐదుగురికి ఒక నర్సు అనేది ఒక్క ఏడాదిలో సాధ్యం కాదు. కనుక ఐసీయూ, ప్రసూతి వార్డు, నైట్ డ్యూటీలతో మొదలుపెట్టి షిఫ్టువారీ నిష్పత్తిని చట్టంలో రాయాలి. ఆ పూట ఎందరు నర్సులు, ఎందరు రోగులు అన్నది వార్డు తలుపు దగ్గర బోర్డు మీద రాయాలి. నిష్పత్తి తప్పిందని నర్సు నమోదు చేసిన అభ్యంతరం, తర్వాత జరిగే విచారణలో ఆమెకు రక్షణగా నిలవాలి. ప్రైవేటు ఆసుపత్రుల విషయంలో ప్రభుత్వం చేతిలో మరింత బలమైన సాధనం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి ఒక్కో చికిత్సకు ప్యాకేజీ చొప్పున వాటికి ప్రజాధనం చెల్లిస్తున్నారు. ఆపరేషన్ అయిన రోగికి ఆ రాత్రి నర్సు ఉందో లేదో చూడకుండా ఆ బిల్లు మంజూరు చేయకూడదు. ఇందుకు కొత్త చట్టం దాకా ఆగనక్కర్లేదు, ఒప్పందంలో ఒక షరతు చేరిస్తే చాలు.