గారపళ్లు పిల్లల తప్పు కాదు

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీరు వేసిన విద్యార్థుల నోటి శుభ్రత వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. నోరు వాసనొచ్చే పిల్లల పక్కన ఎవరూ కూర్చోరనీ, పళ్లు పచ్చగా ఉంటే స్నేహాలు నిలవవనీ, ఈ సంగతి బడిలోనే గట్టిగా చెప్పాలనీ రాశారు. చెప్పాలి, కాదనను. కానీ పాచిపళ్లకూ గారపళ్లకూ తేడా చెప్పని వ్యాసం మా తనకల్లు పక్క బడుల్లోకి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. కిందటేడు వాళ్ల బడిలో దంతాల మీద అవగాహన కార్యక్రమం పెట్టారు. పిల్లలను వరుసగా నిలబెట్టి నోళ్లు తెరిపించారు. తెల్లగా ఉన్నవాళ్లను ఒకవైపు, లేనివాళ్లను ఇంకోవైపు నిలబెట్టారు. "పండ్లు తోముకోకుండా వస్తే నీ పక్కన ఎవరు కూర్చుంటారు?" అని మా పాపను అందరి ముందూ అడిగారు. పొద్దున లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు చెప్పకుండానే తోముకునే పిల్ల అది! ఆ రోజు నుంచి తరగతిలో గారపండ్లది అని పేరు పడింది. నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకుంటుంది. జవాబు తెలిసినా లేచి చెప్పదు. మా తమ్ముడి పెళ్లి ఫొటోలు చూడండి, ఒక్కదాంట్లోనూ దాని పెదాలు విడలేదు. ఉప్పూ బొగ్గూ నూరి చిగుళ్లు నెత్తురొచ్చేదాకా రుద్దుకుంటుంటే నేనే చెయ్యి పట్టి లాగాను. బడికి పోయి అడిగితే, పేస్టు మార్చి చూడమ్మా అన్నారు.

కదిరిలో పళ్ల డాక్టరు చూసిన వెంటనే చెప్పారు, ఇది ఫ్లోరైడు మరక అని. పన్ను చిగురు దాటి బయటికి రాకముందే, దాని పైపొర తయారయ్యే వయసులో పడే మరక ఇది. సుమారు ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లు తాగుతుంటే తెల్ల మచ్చలు, పచ్చ చారలు, ముదిరితే గోధుమరంగు గారలు వస్తాయి. తోమితే పోవు. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకనిచోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. ఈ ఫ్లోరైడు జబ్బు గురించి నెల్లూరు జిల్లా నుంచి 1937లోనే వైద్యులు రాశారు. ఉమ్మడి అనంతపురం జిల్లాకు 1995లో సత్యసాయి తాగునీటి పథకం రావడానికి ఈ ఫ్లోరైడు కూడా ఒక కారణం. ఇంత పాత సంగతి మీ వ్యాసంలో ఒక్క వాక్యంగానైనా లేదు. మా పాప చిన్నప్పుడు మేము తాగింది బోరు నీళ్లే. ఆ నీళ్లకు బిడ్డ ఎట్లా బాధ్యురాలవుతుంది?

నోటి వాసన మాటకొస్తే, అదీ పిల్లల సోమరితనం ఒక్కటే కాదు. నాలుక మీద పాచి, పుచ్చిన పన్ను, వాచిన చిగురు, ఖాళీ కడుపు, ఇవన్నీ కారణాలే. తెల్లవారే బస్సుకు ఏమీ తినకుండా వచ్చే పిల్లలు మా మండలంలో ఎందరో. మధ్యాహ్నం అన్నంతో పాటు చిక్కీ పెడతారు, మంచిదే. బెల్లం పళ్లకు అతుక్కుంటుంది, పుక్కిలించడానికి కొళాయిలో నీళ్లుండవు. ముందు ఆ కొళాయి సంగతి రాయండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. అదే వ్యాసం కింద తెల్లపళ్ల పేస్టు ప్రకటన వేశారు. చదివిన పిల్ల ఏమనుకోవాలి, ఆ గొట్టం కొంటే స్నేహితులు దొరుకుతారనా? రాయాల్సిన సంగతి వేరే ఉంది: బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. మా పక్క బడుల ముందు బంకుల్లో పొట్లాలు దండలుగా వేలాడుతున్నాయి. నోళ్లను నిజంగా పాడుచేసేది అది. దాని జోలికి పోరు గానీ, పిల్లల పళ్ల రంగు గురించి అరపేజీ రాస్తారు.

నోటి శుభ్రత నలుగురిలో మన నడవడికకు సంబంధించిందే. అయితే ఆ పాఠం సగమే చెబుతున్నారు. తోముకోమని చెప్పినంత గట్టిగా, పక్క పిల్ల నోటిని చూసి పేరు పెట్టొద్దని కూడా చెప్పాలి. వాసన వస్తే విడిగా పిలిచి మెల్లగా అడగాలి, పళ్ల డాక్టరు దగ్గరికి పంపాలి. నోరు తెరిపించి చూడాల్సివస్తే గదిలో ఒక్కొక్కరినీ చూడండి, మైదానంలో వరుసకట్టి కాదు.

ఫ్లోరైడు గారల గురించి దంతవైద్యులతో రాయించి, ఆ వ్యాసానికిచ్చినంత జాగాలోనే, వచ్చే ఆదివారమే వేయండి. మా అమ్మాయి బడి గ్రంథాలయానికి మీ పత్రికే వస్తుంది.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి,
తనకల్లు మండలం, శ్రీ సత్యసాయి జిల్లా