నల్లా నీరు ఇక్కడిదే, మురుగూ ఇక్కడికే

హైదరాబాదు నగరవాసిని కదిలిస్తే చెప్పేవి రెండే. నల్లా వేళకు రావాలి, వాకిట్లో మోరీ పొంగరాదు. రెండూ న్యాయమైన కోరికలే. వానకు కాలనీలు మునిగినపుడు వారు పడే అవస్థ చిన్నది కాదు. కాని ఆ నల్లా నీరు ఎక్కడిది, మోరీ నీరు ఎక్కడికి పోతున్నదన్న ప్రశ్న వారి నోట వినరావడం అరుదు.

రెండింటికీ జవాబు ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే ఉన్నది. పుట్టంగండి వద్ద సాగర్ జలాశయం నుండి ఎత్తిపోసిన కృష్ణ నీరు అక్కంపల్లి మీదుగా కోదండాపురం చేరి, అక్కడ శుద్ధి జరిగి, 2004 నుండి నగరానికి అందుతున్నది. నగరం వాడి వదిలిన నీరు మూసీలో పడి, నురగలు కక్కుతూ పోచంపల్లి, వలిగొండ వైపు దిగివస్తున్నది. అంబర్‌పేట వంటి చోట్ల శుద్ధి కేంద్రాలు లేకపోలేదు. అయితే కాలువలో నురగను చూసే రైతుకు వాటిపై నమ్మకం ఎలా కుదురుతుంది?

విచిత్రమేమిటంటే, ఎండాకాలంలో మూసీ పారేది ఆ మురుగు వల్లనే. అది ఆగితే కాలువల కింద వరి ఉండదు. కనుక కావలసింది నీటిని ఆపడం కాదు, శుభ్రం చేసి వదలడం.

నగరవాసి కట్టే నీటి బిల్లులో మురుగు సెస్సు కూడా ఉన్నది. ఆ సొమ్ముకు లెక్క అడిగే హక్కు ఆయనదే. మోరీ పొంగిందని ఫిర్యాదు చేసేటపుడే, శుద్ధి లేకుండా మూసీలోకి ఎంత వదిలారని కూడా ఆయన అడిగితే, వలిగొండ రైతు మొరకు నగరంలో ఒక తోడు దొరుకుతుంది.