ఖాళీ నోటు మీద వేలిముద్ర వేయొద్దు

అప్పు కోసం షావుకారు గుమ్మం ఎక్కిన రైతు ఖాళీ ప్రాంసరీ నోటు మీద వేలిముద్ర వేసి వచ్చిన రోజులు మన పెద్దలకు గుర్తే. ఆ నోటులో ఎంత రాసుకుంటారో వేసినవాడికి తెలిసేది కాదు. ఇవాళ ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా అలాంటి వేలిముద్రే. కౌంటర్లో అడగ్గానే ఆ అంకెలు చదివి చెప్పేస్తున్నాం. అవతల కంప్యూటర్లో ఏ షరతులకు మన పేరున ఒప్పుకోలు పడిందో చూడడం లేదు.

కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో రూ.2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2025లో రైతులకు 11 అంకెల విశిష్ట సంఖ్య ఇవ్వడం మొదలైంది. ఆధార్, ఫోన్ నంబరు, సర్వే నంబర్ల వారీగా భూమి, వేసిన పంట అన్నీ దీంతో ముడిపడతాయి. లెక్క తీయడమే తప్పని మేము అనడం లేదు. పంట నష్టపోయినవారికి పరిహారం అందాలంటే సరైన లెక్క కావాలి. అయితే ఆ లెక్క ఎవరి చేతికి పోతుందన్నదే మా ప్రశ్న. మన పంట ఎంతో, అప్పు ఎంతో, కోత ఎప్పుడో ముందే తెలిసిన వ్యాపారికి ధర ఎప్పుడు దించాలో కూడా తెలుస్తుంది.

ఇది ఉత్త భయం కాదు. 2021లో కేంద్ర వ్యవసాయ శాఖ ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 100 గ్రామాల కోసం మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకుంది. అప్పటికి దేశంలో డేటా రక్షణ చట్టమే లేదు. రైతులతో చర్చించకుండా ఇదేమిటని సంఘాలు నిలదీశాయి. అంతకుముందు 2018లో, భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి సిమ్ కార్డులు తీసిన మోసం తెలంగాణలో బయటపడింది. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ లేకుండానే ఖాతాలో డబ్బు తీసే పద్ధతి ఉన్న దేశంలో ఇది చిన్న విషయం కాదు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అనుమతి కోరేటప్పుడు ఆ వివరం తెలుగులో చదువుకునే వీలుండాలని, ఇచ్చిన అనుమతిని తిరిగి తీసుకోవచ్చని అందులో ఉంది. కానీ సబ్సిడీలు, పథకాల పేరిట ప్రభుత్వం చాలా సందర్భాల్లో అనుమతి అడగనక్కర్లేదని కూడా అదే చట్టం చెబుతోంది. రైతుకు ప్రభుత్వంతో ఉండే పనంతా పథకాలతోనే కదా! మరి రక్షణ ఎక్కడుంది?

అందుకే మేము డిమాండ్ చేస్తున్నాం. ఏ వివరం, దేనికోసం, ఎవరికిస్తారో తెలుగులో రాసి ప్రతి రైతు సేవా కేంద్రంలో, మండల వ్యవసాయ కార్యాలయంలో అంటించాలి. రైతు వివరాలను కంపెనీలకు ఇచ్చే ఏ ఒప్పందాన్నైనా ముందుగా బయటపెట్టాలి. సంఖ్య లేదన్న కారణంతో, భూమి తమ పేరున లేని కౌలు రైతులతో సహా ఎవరికీ ఎరువులు, పరిహారం ఆపరాదు.

ప్రభుత్వం కదిలేలోగా మన జాగ్రత్త మనం పడదాం. ఓటీపీ చెప్పేముందు 'ఇది దేనికి?' అని అడుగుదాం. ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటారేమో అడుగుదాం. అవసరం లేనప్పుడు ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకుందాం. తెలియకపోతే 1947కు ఫోన్ చేయవచ్చు. పీఎం కిసాన్ డబ్బులంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను తెరవొద్దు. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి చెప్పాలి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ విషయాలు చదివి వినిపించాలని కార్యకర్తలను కోరుతున్నాం. ఫోను వాడడం రాని పెద్దవాళ్లకు పక్కన కూర్చుని చూపించండి. భూమి పత్రాన్ని ఎంత భద్రంగా దాచుకుంటామో, మన వివరాలనూ అంతే భద్రంగా కాపాడుకోవాలి.