పుస్తకం చేను పేరు మీద ఉండాలి, రైతు పేరు మీద కాదు

పై వీడియోలో నేను చూపించిన రిజిస్టర్ చూసి కొంతమంది నవ్వుతారని తెలుసు. "ద్రవ జీవామృతం కలపడానికే టైమ్ చాలట్లేదు, ఇంకా రాసుకుంటూ కూర్చోమంటావా?" అని మా ఊళ్ళోనే అడుగుతారు. అడగడంలో తప్పు లేదండి. నేను ఊళ్ళో ఐసీఆర్పీగా పనిచేస్తున్నాను. రాయించేదీ, దాచేదీ, ఖరీఫ్ ముందు ఒక్కో కుటుంబంతో కూర్చుని ప్లాన్ వేయించేదీ నా పనే. ఆ పని చేస్తూ నాకు కలిగిన అభిప్రాయం ఇది: పైకి పంపడానికి రాసే లెక్క వేరు, మనం వాడుకోవడానికి రాసే లెక్క వేరు. మన దగ్గర మొదటిది ఎక్కువ, రెండోది చాలా తక్కువ.

ఫోన్‌లో ఎక్కించిన లెక్క పైకి పోతుంది. ఎంతమంది రైతులు, ఎన్ని ఎకరాలు అని మొత్తం తేలుతుంది. అదీ కావాలి, కాదనను. కానీ మే నెలలో నవధాన్యాలు ఎప్పుడు చల్లాలో తేల్చుకోవడానికి ఆ మొత్తం పనికిరాదు. పోయినేడు మన చేలో తొలకరి ఏ తేదీన పడింది, పొడి దుక్కిలో వేసిన విత్తనం ఎన్నాళ్ళకు మొలిచింది, పచ్చిరొట్ట ఎప్పుడు కోసి మల్చింగ్ చేశాం, అవి కావాలి.

ఇలా రాసుకుని ప్లాన్ వేసుకున్న రైతులు మన ప్రకాశం జిల్లాలోనే ఉన్నారు. 2000 దశకంలో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జలాల నిర్వహణ అని ఒక ప్రాజెక్టు నడిచింది, ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనేవాళ్ళు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో 7 జిల్లాల్లో జరిగింది, అందులో ప్రకాశం ఒకటి. అక్కడ వాన కొలిచింది రైతులే. 15 రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచిందీ రైతులే, అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. అంకెలు ఊళ్ళో అందరికీ కనపడేట్టు బోర్డు మీద రాసేవాళ్ళు. రబీకి ముందు కూర్చుని, భూమిలో నీళ్ళెన్ని ఉన్నాయి, మనం వేయాలనుకున్న పంటలకు ఎన్ని కావాలి అని లెక్క వేసుకునేవాళ్ళు. ఫలానా పంటే వేయాలని ఎవరినీ బలవంతం చేయలేదు. లెక్క చూసుకుని చాలామంది వాళ్ళంతట వాళ్ళే నీళ్ళు తక్కువ తాగే పంటకు మారారు. 2010లో భూగర్భ జలాల మీద ప్రపంచ బ్యాంకు వేసిన నివేదికలో కూడా ఈ సంగతి చెప్పారు.

ప్రాజెక్టు అయిపోయాక చాలాచోట్ల కొలవడం ఆగిపోయిందని తర్వాత వెళ్ళి చూసినవాళ్ళు రాశారు. నాకు అసలు బాధ అక్కడే. జీతం ఇచ్చేవాళ్ళు ఉన్నంతకాలమే పుస్తకం ఉంటే, ఐసీఆర్పీ మారిన రోజున మనదీ అదే గతి.

మిరప సంగతికి వద్దాం. 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం చేలను ఎలా తుడిచిపెట్టిందో మీకు చెప్పక్కర్లేదు. పూతలో చేరి పూతంతా రాల్చేసింది. కషాయాలు, జీవామృతం మీద నడిచిన చేలు కొన్ని తట్టుకున్నాయని ఇప్పటికీ అంటారు. నేను నమ్ముతాను. అయితే ఏ చేను, పురుగు ఎప్పుడు కనపడింది, నీలం జిగురు అట్టలు ఎకరానికి ఎన్ని పెట్టారు, గట్టున జొన్న ఉందా లేదా, ఎన్ని కోతలకు ఎన్ని టిక్కీలు వచ్చాయి అని అడిగితే కాగితం మీద చూపించేవాళ్ళు కొద్దిమందే. నోటిమాట పక్క రైతునే ఒప్పించదు, ఇక ఆఫీసును ఏం ఒప్పిస్తుంది?

ఇంకో పెద్ద చిక్కు కౌలు. మన పత్తి, మిరప చేలల్లో సగం బాధ ఇదే. కౌలు రైతు మూడేళ్ళు ఘన జీవామృతం వేసి, నల్లరేగడిలో వానపాము కనపడేదాకా తెస్తాడు. నాలుగో ఏడు ఆసామి ఎక్కువ కౌలు ఇచ్చేవాడికి చేను ఇస్తాడు. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు తీసుకున్నా అది 11 నెలలకే, అదీ ఆసామి సంతకం ఉంటేనే. కొత్తగా వచ్చినాయనకు ఆ నేలలో ముందు ఏం జరిగిందో తెలియదు. మొదటి పై ముడతకే మందు డబ్బా పట్టుకుంటాడు. అందుకే సర్వే నంబర్ వారీగా పుస్తకం పెట్టాలంటాను. రైతు మారితే కొత్త రైతు పేరు కింద రాస్తాం, పుస్తకం అదే నడుస్తుంది. మూడేళ్ళ కష్టం కాగితం మీద కనపడితే ఆసామితో మాట్లాడటానికీ కౌలు రైతుకు ఒక పట్టు దొరుకుతుంది. మా ఊళ్ళో దీనికి ఒప్పుకోని ఆసాములూ ఉన్నారు, వాళ్ళ అనుమానాలు వాళ్ళవి. రేపు హక్కు అడుగుతారేమోనని భయం. ఇది నేల ఆరోగ్యం పుస్తకమే తప్ప హక్కు కాగితం కాదని మొదటి పేజీలోనే రాస్తున్నాం.

పుస్తకం ఇల్లిల్లూ తిరగకూడదు, గ్రామ సమాఖ్య బీరువాలో ఉండాలి. ఎవరికి కావాలంటే వాళ్ళు అక్కడే కూర్చుని చూసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కదా, పాత గుంటూరు నుంచి పల్నాడు, బాపట్ల పుట్టాయి, చీరాల, పర్చూరు ప్రకాశం నుంచి బాపట్లలో కలిశాయి. పాత జిల్లా లెక్కను కొత్త జిల్లా లెక్క పక్కన పెడితే పొంతన కుదరదు. ఊరి లెక్కకు ఆ బాధ లేదు.

గడులు ఎక్కువ పెడితే ఎవరూ నింపరు. వాన, విత్తిన తేదీ, వేసినవీ కొట్టినవీ, పురుగు మొదట కనపడ్డ రోజు, కోత, అమ్మిన ధర, ఇవి చాలు. పనిచేయని కషాయం కూడా రాయాలి. ఇది చెప్తే మన వాళ్ళలోనే కొందరికి కోపం వస్తుంది, ప్రకృతి వ్యవసాయానికి చెడ్డపేరు అంటారు. అగ్ని అస్త్రం కొట్టాక కూడా గులాబీ పురుగు తగ్గలేదని ఒక అక్క రాయించింది. ఆ ఒక్క వాక్యం చూసే మరుసటి ఏడు ఆ గట్టు మీద ఉన్న నలుగురు లింగాకర్షక బుట్టలు ముందే పెట్టారు, పత్తి మోళ్ళు సంక్రాంతి దాటనివ్వకుండా పీకేశారు.

ఈ ఏప్రిల్‌లో నవధాన్యాల ప్లాన్‌కి కూర్చున్నప్పుడు పోయినేటి పుస్తకాలు ముందు పెట్టుకునే మొదలుపెడతాం. మీ ఊళ్ళో పాత డైరీలు ఏ అటక మీదన్నా ఉంటే, చెదలు పట్టకముందే దించండి.