భయానికీ ఒక లెక్క ఉండాలి

తెల్లవారుజామున క్యాంపు బస్సులో ఒక తమ్ముడు మా పక్కన చేరి, "అన్నా, ఒక ముచ్చట అడగాలె, ఎవ్వలకు చెప్పొద్దు" అన్నాడు. సెలవు రోజున ఎక్కడికో వెళ్లాడట. కౌగిలి, ముద్దులు, చేతులతో తాకడం వరకే జరిగింది, సంభోగం జరగలేదు. అయినా నెల రోజులుగా నిద్ర లేదు. త్వరలో వీసా రెన్యువల్, దానికి మెడికల్. గల్ఫ్‌లో హెచ్ఐవి తేలితే ఇంటికి పంపించేస్తారని అందరికీ తెలిసిందే. ఊళ్లో చేసిన అప్పు అలాగే ఉంది. ఆ నిద్రలేని కళ్లతోనే అతను రోజూ స్కాఫోల్డింగ్ ఎక్కుతున్నాడు.

ఇది ఆ ఒక్కడి బాధ కాదు. మన గదుల్లో చాలామంది లోలోపలే కుమిలిపోతున్నారు. అడగడానికి సిగ్గు, చెప్పేవాళ్లు లేరు.

అసలు విషయం ఇదీ. హెచ్ఐవి క్రిమి రక్తం, వీర్యం, దానికి ముందు వచ్చే ద్రవం, యోని స్రావాలు, మలద్వార స్రావాలు, తల్లిపాల ద్వారా అంటుకుంటుంది. అవి లోపలి మెత్తటి పొరకు గానీ, తెరిచి ఉన్న గాయానికి గానీ తగలాలి, లేదా సూదితో నేరుగా రక్తంలోకి వెళ్లాలి. గాయం లేని చర్మం దానికి గట్టి గోడ. ఉమ్మి, చెమట, కన్నీళ్లతో అంటదు. కాబట్టి కౌగిలింత, మామూలు ముద్దు, బట్టల మీద రాపిడి, చేతితో తాకడం వల్ల హెచ్ఐవి రాదు. ఒకే గిన్నెలో తిన్నా, ఒకే బాత్‌రూమ్ వాడినా రాదు. నోటితో చేసే సంభోగంలో ప్రమాదం చాలా తక్కువే గానీ, బొత్తిగా లేదనలేం. నోట్లో పుండ్లు, చిగుళ్ల నుంచి రక్తం ఉంటే జాగ్రత్త పడాలి.

అలాగని పూర్తిగా నిశ్చింతగా ఉండమనడం లేదు. సిఫిలిస్, హెర్పిస్ వంటి సుఖవ్యాధులు చర్మం చర్మానికి తగిలినా రావచ్చు. పుండో, పొక్కులో కనిపిస్తే దాచుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. హెచ్ఐవికి అసలు ప్రమాదం కండోమ్ లేని సంభోగం, ఒకరు వాడిన సూది మరొకరు వాడడం. అలాంటిది జరిగితే 72 గంటల లోపు డాక్టరును కలిసి 28 రోజుల నివారణ మందులు మొదలుపెట్టాలి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

పరీక్షకూ లెక్క ఉంది. మర్నాడే చేయించుకుని "ఏమీ లేదు" అనుకుంటే లాభం లేదు. ల్యాబ్‌లో నరం నుంచి రక్తం తీసి చేసే కొత్త తరం పరీక్షకు 45 రోజులు, వేలి నుంచి చుక్క తీసే యాంటీబాడీ పరీక్షకు 90 రోజులు ఆగితే ఫలితాన్ని నమ్మవచ్చు. సెలవుపై ఊరెళ్లినప్పుడు ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో పరీక్ష ఉచితం. వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. ఇండియాలో 1097కు ఫోన్ చేసినా సలహా దొరుకుతుంది.

ఒకవేళ ఉందని తేలినా బతుకు అయిపోయినట్టు కాదు. మన దేశంలో 2004 నుంచి ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నారు. రోజూ వేసుకుని, రక్తంలో క్రిమి పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిచిన మనిషి నుంచి సంభోగం ద్వారా కూడా ఇతరులకు అంటదు. అలాంటి మనిషి కంచం పక్కన పెట్టించడం మన తెలివితక్కువతనం.

సైట్లో రోజూ పని మొదలయ్యే ముందు హెల్మెట్, బెల్టు గురించి పది నిమిషాలు చెప్తాం. ఈ సంగతి మాత్రం మేమూ ఇన్నాళ్లు నోరెత్తలేదు. ఆ తప్పు మాదే. చదివినవాళ్లు, ఫోర్‌మ్యాన్‌లు, సూపర్‌వైజర్లు వారానికోసారి గదిలో టీ తాగుతూ మన భాషలో ఈ నాలుగు ముక్కలు చెప్పాలి. ఎవరైనా వచ్చి అడిగితే నవ్వకూడదు, నలుగురిలో చెప్పకూడదు.

ఆ తమ్ముడికి బస్సులోనే ఇదంతా చెప్పాం. దిగేటప్పుడు "ఇంతేనా అన్నా" అన్నాడు. ఇంతే. కానీ ఈ ఇంత చెప్పేవాళ్లు లేకే నెల రోజులు నిద్ర మానుకున్నాడు.