స్వగృహమా, వసతి గృహమా? గృహస్థులకు ఋణం గురించి ఒక మనవి



గడచిన శ్రావణ మాసంలో ఒక యజమాని ఇంట సత్యనారాయణ వ్రతం చేయించుటకు ఆత్మకూరు నుండి హైదరాబాదు వెళ్ళినాను. దంపతులిద్దరూ మా ప్రాంతపు బిడ్డలే. అతడు ఒక సంస్థలో అకౌంటెంటు, ఆమె పాఠశాలలో అధ్యాపకురాలు. సంకల్పంలో శ్రీశైలానికి వాయవ్య దిశను, కృష్ణా గోదావరుల మధ్య దేశాన్ని పలికించి, తరువాత "వసతి గృహే" అన్నాను. సొంత ఇల్లయితే "స్వగృహే" అనుట, అద్దె ఇల్లయితే "వసతి గృహే" అనుట పౌరోహిత్యంలో ఉన్న ఆచారమే. భర్త ఆ మాట పలికినాడు. పక్కన కూర్చున్న ఇల్లాలి ముఖం చిన్నబోయింది.

ప్రసాదం పంచిన తరువాత ఆమె అడిగింది: "అయ్యగారూ, ఆ మాట మారేది ఎప్పుడు? మాఘ మాసంలో గృహప్రవేశానికి ముహూర్తం చూడండి. ఫ్లాటు చూసినాము, అడ్వాన్సు ఇవ్వవలసి ఉన్నది."

పంచాంగం చేతికి తీసుకొన్నాను కాని తెరువలేదు. ధనం ఎట్లా సమకూరుచున్నదని అడిగినాను. వారు చెప్పిన లెక్కయే ఈ వ్యాసానికి కారణం. వారి అనుమతితోనే, పేర్లు లేకుండా ఇక్కడ వ్రాస్తున్నాను.

ఫ్లాటు ధర 40 లక్షలు. బ్యాంకు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, 20 సంవత్సరాల గడువుతో 30 లక్షలు ఇస్తానన్నది. మిగిలిన 10 లక్షలు, వాటికి తోడు స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషను రుసుములు సుమారు ఏడున్నర శాతం చొప్పున 3 లక్షలు, వెరసి 13 లక్షలు చేతిలో ఉండవలెను. ఉన్నవి 6 లక్షలు. తక్కువ పడిన 7 లక్షలలో 4 లక్షలకు ఆమె నగలు కుదువ పెట్టాలని, 3 లక్షలకు ఊరిలో ఒకరి వద్ద నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు వ్రాయాలని నిశ్చయించుకొన్నారు.

బ్యాంకు కంతు నెలకు 26,035 రూపాయలు. నగల అప్పుకు నూటికి రూపాయి వేసుకొన్నా వడ్డీ 4,000. నోటు మీద వడ్డీ 6,000. మొత్తం 36,000 పైచిలుకు. ఇద్దరి ఆదాయం 60,000. పైగా ఆ 7 లక్షల అసలు అట్లే నిలిచి ఉంటుంది. ఇప్పుడు కట్టుచున్న అద్దె 12,000.

ఇటువంటి సందర్భంలో మావంటి వారు సులభంగా చెప్పే మాట ఒకటి ఉన్నది: "ఈ దేహమే అద్దె ఇల్లు, ఇక ఇటుకల ఇంటికై ఆరాటమెందుకు?" అని. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరువది నలుగురు గురువులలో సర్పాన్ని కూడా చెప్పినాడు. అది తనకై ఇల్లు కట్టుకొనదు, ఇతరులు చేసిన పుట్టలో సుఖంగా వసిస్తుంది. ఆ బోధ సత్యమే. కాని అది యతికి చెప్పిన ధర్మం. పిల్లల బడి మధ్యలో ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు, వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని మూడవ అంతస్తు మెట్లెక్కి గదులు వెదకే గృహస్థుకు సర్పాన్ని ఆదర్శంగా చూపుట న్యాయం కాదు. గృహస్థాశ్రమం తక్కిన మూడు ఆశ్రమాలకు ఆధారం. దానికి నిలువ నీడ కావలెనని కోరుట లోభం కాదు.

అందుచేత గృహస్థుకే చెప్పిన మాటను స్మరించుదాం. మహాభారతం అరణ్యపర్వంలో యక్షుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలలో ఒకటి, సుఖించువాడెవ్వడు అని. ధర్మరాజు చెప్పిన ఉత్తరం మనకందరికీ తెలిసినదే. పగటి అయిదవ భాగమందో ఆరవ భాగమందో అయినా సరే, తన ఇంట కూరాకు వండుకొని తినుచు, ఋణమూ ప్రవాసమూ లేనివాడు సుఖి అని ఆయన సారాంశం. ఇందులో మూడు లక్షణాలున్నవి: తన ఇల్లు, ఋణం లేకపోవుట, ప్రవాసం లేకపోవుట. ఈనాటి యువకునికి మూడూ ఒకేసారి లభించుట దుర్లభం. ఉద్యోగం కొరకు ఊరు విడిచినాడు కనుక ప్రవాసి అయినాడు. తన ఇల్లు కావలెనంటే ఋణి కావలెను, ఋణి కాకూడదంటే పరుల ఇంట ఉండవలెను.

ఋణరాహిత్యాన్నీ ప్రవాసరాహిత్యాన్నీ వ్యాసుడు పక్కపక్కనే ఎందుకు నిలిపినాడో పాలమూరు వాసికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. మా జిల్లా కూలీలు మేస్త్రీ వద్ద ముందుగా అడ్వాన్సు తీసుకొని, ఆ బాకీ తీరువరకు దేశం నలుమూలలా ఆనకట్టలు, మేడలు కట్టినారు. పరులకు ఇళ్ళు కట్టినవారి ఇళ్ళు ఇక్కడ తాళంతో, వృద్ధులతో మిగిలినవి. వారికి ప్రవాసం ఋణం వెంట వచ్చినదే.

మాకు చేరువలోని కురుమూర్తి స్వామిని గురించి చెప్పుకొనే కథ కూడా ఇదే. పెండ్లికై కుబేరుని వద్ద చేసిన అప్పు తీర్చలేక మనస్తాపం చెందిన శ్రీనివాసుడు తిరుమలను విడిచి కృష్ణా తీరానికి నడచి వచ్చినాడని, కృష్ణమ్మ ఆయనకు పాదుకలు సమర్పించినదని, పిదప ఈ కొండ మీద వెలసినాడని మా పెద్దలు చెప్పుదురు. కార్తీక మాసపు జాతరలో ఉద్దాల ఉత్సవం నాడు లక్షల జనం ఆ పాదుకలకు మ్రొక్కుదురు. "స్వామికే అప్పు తప్పలేదు, మనమెంత?" అని ఈ కథను అప్పుకు సమర్థనగా వాడువారున్నారు. నాకు మాత్రం ఇందులో హెచ్చరికయే కనబడుతున్నది. అప్పు మీద పడినప్పుడు వైకుంఠవాసి సైతం ఇల్లు విడిచి నడువవలసి వచ్చినది.

అట్లని ఋణమంతా పాపమని శాస్త్రం చెప్పలేదు. దానికి హద్దు చెప్పినది. ఒక్కసారిగా వసూలు చేసే వడ్డీ అసలును మించరాదని, మొత్తం రెట్టింపు దాటరాదని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం విధించినది. ఆంగ్లేయుల కాలంలో బొంబాయి ప్రాంతపు న్యాయస్థానాలు సైతం ఈ నియమాన్ని "దామ్‌దుపట్" అను పేర పాటించినవి. నెలనెలా చెల్లించు కంతులకు ఆ నియమం అక్షరాలా వర్తించదు, నిజమే. కాని గృహస్థుకు అదొక చక్కని కొలబద్ద. ఆ దంపతుల 30 లక్షల ఋణాన్ని దానితో కొలిచి చూడండి. 20 సంవత్సరాలలో చెల్లించే మొత్తం సుమారు 62 లక్షల 48 వేలు. అందులో వడ్డీయే 32 లక్షల 48 వేలు, అసలును మించిపోయినది. అదే ఋణం 15 సంవత్సరాలకయితే కంతు 29,542, వడ్డీ 23 లక్షల 18 వేలు. నెలకు మూడున్నర వేలు అధికంగా కట్టగలిగితే తొమ్మిది లక్షలకు పైగా మిగులుతున్నది, వడ్డీ అసలుకు లోబడుతున్నది. 15 సంవత్సరాల కంతు భరింపలేని ఇల్లు మన శక్తికి మించిన ఇల్లని గ్రహించవచ్చు.

"అద్దె కట్టుట డబ్బును గంగలో పోయుట" అని ఆ యువకుడు అన్నాడు. అందరూ అనే మాటయే. కాని మొదటి నెల కంతు 26,035 లో వడ్డీకి పోవునది 21,250, అసలుకు చేరునది 4,785 మాత్రమే. వడ్డీ కూడా అద్దెయే, ధనానికి కట్టే అద్దె. ఇంటికి 12,000 అద్దె కట్టుట వృథా అయితే, ధనానికి 21,250 అద్దె కట్టుట ఏమగును?

ఇక్కడ ఎదుటి పక్షాన్ని కూడా చెప్పకుంటే నేను న్యాయం తప్పినవాడనవుతాను. కంతుకూ అద్దెకూ గల వ్యత్యాసం 14,000 నెలనెలా దాచినా మూడేండ్లలో చేరునది, వడ్డీ కాక, 5 లక్షల 4 వేలు. ఆ కాలంలో ఇంటి ధర ఏటా 5 శాతం పెరిగితే 40 లక్షల ఇల్లు 46 లక్షలు దాటుతుంది. దాచినదంతా పెరిగిన ధరయే మింగివేయవచ్చు. పైగా అద్దెకుంటూ ఆ 14,000 దాచక వ్యయం చేసేవాడు ఇల్లూ లేక, ధనమూ లేక వార్ధక్యానికి చేరుతాడు. అటువంటి వానికి బ్యాంకు కంతే మేలు, బలవంతంగానైనా కూడబెట్టిస్తుంది.

ఈ మాట నా ఇంటిలోనే వినుచున్నాను. మేము వసించే ఇల్లు ఆలయానికి చెందినది. నా సేవ ముగిసిన నాడు అది మరొక అర్చకునికి చెందుతుంది, అది ధర్మమే. కాని నా ధర్మపత్ని ఒక రాత్రి అడిగింది: "మీరు ముందు పోతే నేను ఏ గుమ్మంలో కూర్చోవలెను?" ముప్పది సంవత్సరాలు వేదాంతం చెప్పినవానికి ఆ ప్రశ్నకు సమాధానం దొరకలేదు. మా తండ్రిగారు ఒక గది వేయుటకు నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు వ్రాసి, ఆ బాకీ కింద ఉన్న కొద్ది పొలాన్ని పోగొట్టుకొన్నారు. ఆ భయంతో నేను ఋణం జోలికి పోలేదు. భయం నన్ను అప్పు నుండి కాపాడినది కాని, భార్యకు నీడను ఇవ్వలేదు. కాబట్టి అద్దెయే మేలని గిరిగీసి చెప్పే అధికారం నాకు లేదు.

మరి నిర్ణయం దేని మీద ఆధారపడవలెను? ధర పెరుగునా తగ్గునా అన్నది దైవజ్ఞులకూ తెలియదు. కాని ఋణంలో రెండు విధాలున్నవని మాత్రం తెలుసు. ఇంటికై చేసే అప్పు ఒకటి. ఆ అప్పుకు అర్హత సంపాదించుటకై చేసే అప్పు మరొకటి. మొదటిది హద్దులలో ఉంటే గృహస్థు మోయగలడు. దానికి ఒక రూపం, ఒక గడువు, ఎదురుగా ఒక ఇల్లు ఉన్నవి. రెండవది, అనగా నగలు కుదువ పెట్టి, నోటు వ్రాసి అడ్వాన్సు సమకూర్చుట, కుటుంబాన్ని కూల్చునది. ఇల్లాలి మెడలోని బంగారం ఆపత్కాలానికి ఉంచుకొన్నది. దానిని ఉత్సవానికి వాడితే ఆపదనాడు మిగిలేదేమున్నది? మూడు నెలలు కంతు ఆగితే బ్యాంకు ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగా లెక్కిస్తుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం 60 దినాల నోటీసు ఇచ్చి, అప్పటికీ తీరకుంటే ఇంటిని స్వాధీనపరచుకొనవచ్చును.

కావున ఆ దంపతులకు నాలుగు విషయాలు చెప్పినాను. అడ్వాన్సు, రిజిస్ట్రేషను ఖర్చు పూర్తిగా స్వార్జితం నుండే రావలెను. కంతు ఆదాయంలో మూడవ వంతును మించరాదు, ఆరు నెలల కంతులు విడిగా నిలువ ఉండవలెను. కనీసం ఏడెనిమిది ఏండ్లు ఆ నగరంలో, ఆ ప్రాంతంలోనే ఉంటామన్న నమ్మకం ఉండవలెను. నాలుగవది, వాస్తు చూపించే ముందు పత్రాలు చూపించవలెను. ఈసీ, లింకు దస్తావేజులు, రెరా నమోదు, చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు, ఇవన్నీ న్యాయవాది చేత పరిశీలింపజేయవలెను. 2024 లో హైడ్రా ఏర్పడిన పిదప చెరువు హద్దులలోని కట్టడాలను కూల్చుట అందరం చూచినాము. ఈశాన్యం సరిగా ఉన్న ఇల్లు చెరువులో ఉంటే ఏ దేవత రక్షించగలదు?

ఈ నాలుగూ కుదిరితే నేడే కొనండి, మంచి ముహూర్తం నేనే పెడతాను. కుదరకుంటే కుదిరే వరకు అద్దె ఇంటిలో ఉండి, వ్యత్యాసాన్ని తప్పక దాచండి. ధర పెరిగితే చిన్న ఇల్లు, దూరపు ఇల్లు చూచుకొందురు. పెద్ద ఇంటి ఆశ పోవచ్చును కాని నిద్ర పోదు.

ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "మా అత్తగారికి ఏమని చెప్పవలెను?" అన్నది. అప్పుడు నాకు అర్థమయినది. ఆమెను బాధించుచున్నది ఇల్లు లేకపోవుట కంటే, లేదని నలుగురిలో వినబడుట. ఆ మాటను వినిపించినది నేనే. అందుకే ఆమెకు చెప్పినదే ఇక్కడి పాఠకులకూ మనవి చేస్తున్నాను. సంకల్పంలో "వసతి గృహే" అనుట న్యూనతను చెప్పుట కాదు. కర్త ఎక్కడ ఉండి కర్మ చేయుచున్నాడో సత్యంగా చెప్పుట. దేవునికి మన చిరునామా తెలుపునప్పుడు అసత్యం పలుకరాదు గనుక ఆ మాట ఉన్నది. "వసతి గృహే" అని చేసిన వ్రతానికి ఫలం తగ్గునని ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఆత్మకూరులో సంస్థానాధీశుల కోట ఉన్నది. 1949 లో జాగీర్లు రద్దయిన పిమ్మట ఆ వైభవం గతించినది. శ్రీశైల జలాశయంలో మునుగకుండా కూడవెల్లి సంగమేశ్వరుని ఆలయాన్ని రాయి రాయి విడదీసి అలంపురానికి తరలించినారు. రాజుకూ దేవునికీ కూడా వసతి మారినది.

ఆ దంపతులు ఇప్పటికి ఆ ఫ్లాటు మానుకొన్నారు. మరో 11 నెలలకు అద్దె ఒప్పందం వ్రాసుకొన్నారని తెలిసినది. అత్తగారు నా మీద కోపంగా ఉన్నారట. నేను చెప్పినది మేలో కీడో మూడేండ్లకు తేలుతుంది. నగలు మాత్రం ఆమె మెడలోనే ఉన్నవి.

ఇక నా సంగతి. ఆత్మకూరు శివారులో చిన్న స్థలానికి నెలనెలా కొంత దాచుట ప్రారంభించినాను. ఆలస్యమయినది, అంగీకరిస్తాను. ఆమె ప్రశ్నకు సమాధానం వాక్యంలో కాక గోడలలో చెప్పవలెనని ఇప్పుడు తెలిసినది.

స్వస్తి.